మీకు తెలుసా? రేవులో దిగిన బొమ్మ ఏ బొమ్మ?

తెలుగులో బొమ్మ అన్న మాట ఒక్కటే. పాపాయి చేతిలోది బొమ్మ, పలక మీద గీసింది బొమ్మ, దసరా కొలువులో పేర్చేది బొమ్మ, థియేటర్లో ఆడేదీ బొమ్మే. రాయగడ బజారులోనో, కోరాపుట్ పరబ్ ఉత్సవం జరిగే మైదానంలోనో ఏ కొట్టు ముందు నిలబడి "ఆ బొమ్మెంత?" అన్నా సరే, కొట్టువాడికి తెలిసిపోతుంది. రేవులో మాత్రం అలా కుదరదు. ఓడ దిగిన పెట్టె మీద బొమ్మలని రాసుంటే కస్టమ్స్ వాళ్లు అడిగే మొదటి మాట "ఏ బొమ్మలు?" అనే. ఆడుకోడానికా, అలంకారానికా? చెక్కవా, ఇత్తడివా, ప్లాస్టిక్‌వా? కొన్నేళ్ల కిందటి వరకూ ఇంకో ప్రశ్న కూడా ఉండేది: మనిషి బొమ్మా, కాదా? ఏ జవాబు ఇస్తే ఆ సుంకం.

కోరాపుట్, రాయగడ కొండల్లో ఉండే మాకు రేవంటే ఎప్పుడూ విశాఖపట్నమే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రం అయ్యేదాకా మా కొండలున్న జయపురం సంస్థానమంతా విశాఖ జిల్లాలోనే ఉండేది. కొండమీదికి వచ్చే సరుకుకి, కొండదిగే సరుకుకి దారి అటే. అందుకే ఈ వారం రేవు నుంచే మొదలుపెడదాం.

*

ప్రపంచంలో అమ్ముడయ్యే ప్రతి వస్తువుకీ ఒక అంకె ఉందని మీకు తెలుసా? బ్రస్సెల్స్‌లో ఉన్న ప్రపంచ కస్టమ్స్ సంస్థ ఈ జాబితాను తయారుచేసింది. 1988 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దాన్ని హెచ్‌ఎస్ కోడ్ అంటారు. మొదటి రెండంకెలు అధ్యాయం, తర్వాతి రెండూ కలిపితే శీర్షిక. ఆరంకెల వరకూ అన్ని దేశాలకూ ఒకటే, ఆ పైన ఎవరికి కావలసినవి వాళ్లు చేర్చుకుంటారు. మనది ఎనిమిదంకెల లెక్క. ఆటబొమ్మల అధ్యాయం 95, శీర్షిక 9503.

ఈ అంకె వేసేది అధికారి అనుకుంటాం. కాదు. 2011 నుంచి మన దేశంలో సరుకు తెప్పించుకునే వ్యాపారే బిల్ ఆఫ్ ఎంట్రీ అనే దిగుమతి పత్రంలో అంకె రాసి, సుంకం తనే లెక్క కట్టాలి. తప్పు రాస్తే తర్వాత తేడా కట్టాలి, పైన వడ్డీ, జరిమానా. చిన్న వ్యాపారికి ఒక్క అంకె తేడా ఏడాది లాభాన్ని ఊడ్చేయగలదు.

*

బొమ్మ మనిషా కాదా అని కోర్టు తీర్పు చెప్పిన సంగతి తెలుసా?

ఇది అమెరికాలో జరిగింది. అక్కడి పాత పట్టికలో మనుషుల రూపంలో ఉన్నవి డాల్స్ అని ఒక శీర్షిక, జంతువులు, రాక్షసులు, రోబోలు వంటి మనుషులు కానివి ఆటబొమ్మలని ఇంకో శీర్షిక. మొదటి రకానికి 12 శాతం సుంకం, రెండో రకానికి 6.8 శాతం. అంటే దాదాపు సగం. టాయ్ బిజ్ అనే కంపెనీ ఎక్స్‌మెన్, స్పైడర్‌మ్యాన్, ఫెంటాస్టిక్ ఫోర్ కథల్లోని వీరుల బొమ్మలు దిగుమతి చేసుకుంది. కస్టమ్స్ వాళ్లు ఇవి మనుషుల బొమ్మలేనన్నారు. రెండు కాళ్లు, రెండు చేతులు, ముఖం ఉన్నాయి కదా అన్నది వాళ్ల వాదన. కంపెనీ ఒప్పుకోలేదు.

వ్యాజ్యం న్యూయార్క్‌లోని అంతర్జాతీయ వాణిజ్య న్యాయస్థానానికి చేరింది. జడ్జి జుడిత్ బార్జిలే ఆ బొమ్మల్ని ఒక్కొక్కటిగా పరిశీలించారు. పిడికిలి లోంచి గోళ్లలాంటి కత్తులు పొడుచుకొచ్చిన వుల్వరిన్ మనిషా? రెక్కలున్నవాడు? యంత్రపు చేయి ఉన్నవాడు? కోటు వేసుకుని చేతికర్ర పట్టుకున్న కింగ్‌పిన్ అనే స్థూలకాయుడి దగ్గర చిక్కొచ్చింది. వాడికి కథలో మాయశక్తులేవీ లేవు. అయినా చిన్న తల, అసాధారణమైన ఒళ్లు, పెద్ద పెద్ద చేతులు చూసి, వాడు పుట్టిన కథాలోకాన్ని కూడా లెక్కలోకి తీసుకుని, వాడూ మనిషి బొమ్మ కాదన్నారు. 2003 జనవరి 3న తీర్పు వచ్చింది. ఎక్స్‌మెన్ మనుషులు కారు, కాబట్టి ఆటబొమ్మలు.

కంపెనీ గెలిచింది. అభిమానులు మాత్రం నొచ్చుకున్నారు. ఎక్స్‌మెన్ కథంతా ఒకే వేదన మీద నడుస్తుంది. పుట్టుకతో తేడాగా ఉన్నవాళ్లు "మేమూ మనుషులమే" అని లోకాన్ని వేడుకోవడమే ఆ కథ. ఆ మాట తప్పని వాళ్ల బొమ్మలు అమ్మే కంపెనీయే కోర్టులో వాదించి గెలిచింది. ఐదారు శాతం సుంకం కోసం. ఈ సంగతి మొదట చదివినప్పుడు నాకు ఆ అభిమానుల మీదే జాలి కలిగింది.

*

జీఐ జో అనే సైనికుడి బొమ్మది దీనికి తిరగేసిన కథ. హాస్‌బ్రో కంపెనీ 1964లో ఈ బొమ్మను తెచ్చినప్పుడు డాల్ అన్న మాటే వాడనివ్వలేదు. మగపిల్లలు ఆడుకోరని భయం. అందుకే యాక్షన్ ఫిగర్ అనే కొత్త పేరు కట్టింది. తర్వాత వచ్చిన చిన్న సైజు సైనికుల ప్యాకెట్ల మీద ఒక్కొక్కరి అసలు పేరు, పుట్టిన ఊరు, నేర్చిన విద్య అచ్చేసి ఉండేవి. పిల్లలు కత్తిరించి దాచుకునేవారు. సుంకం దగ్గరికొచ్చేసరికి ఇది డాల్ కాదని కంపెనీ వాదించింది. 1989లో అప్పీలు కోర్టు అది మనిషి బొమ్మే, డాలే అని తేల్చింది. ఊరూ పేరూ ఉన్నవాణ్ణి మనిషి కాదనడం ఎలా?

*

ఈ పాత లెక్క మన కొండపల్లి దశావతారాల పెట్టెకి పెడితే ఏమవుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? నేను ఒక మధ్యాహ్నమంతా దీని మీదే కూర్చున్నాను. మత్స్యం, కూర్మం, వరాహం మనుషులు కానివాటిలోకి పోతాయి. నరసింహుడు? సింహం తల, మనిషి ఒళ్లు. ఎక్స్‌మెన్ తీర్పు చూస్తే ఆయనా అటే. వామనుడు, పరశురాముడు, రాముడు మనుషుల వైపు. ఒకే పెట్టెలో, ఒకే తెల్లపొణికి కర్రతో, ఒకే చేతి మీద తయారైన పది బొమ్మలు రెండు శీర్షికలుగా చీలిపోవలసిందే. హనుమంతుడు, వినాయకుడు కూడా జంతువుల వరసలో నిలబడాలి. మన ఇళ్లలో ఏ పిల్లాడికైనా ఇది చెప్పి చూడండి, ఒప్పుకోడు.

అదృష్టం ఏమిటంటే 2007లో ఈ గొడవ పోయింది. ప్రపంచ పట్టికను సవరించినప్పుడు మనుషుల బొమ్మల శీర్షిక 9502ని తీసేసి 9503లో కలిపేశారు. ఇప్పుడు మూడు చక్రాల సైకిలు, డాల్, రోబో, పజిల్ అన్నీ ఒకే గూటిలో ఉన్నాయి. మనిషా కాదా అని ఇప్పుడెవరూ అడగరు. ఆటదా, కాదా అని మాత్రం అడుగుతారు.

*

ఇక మా కొండల బొమ్మ. ఢోక్రా ఏనుగు.

నా బల్ల మీద ఒకటుంది, అరచేతిలో ఇమిడేంత. దగ్గరగా చూస్తే వీపు మీద దారం వరసగా చుట్టినట్టు సన్నటి గీతలు. అది దారం కాదు, మైనం. ముందు మట్టితో ఏనుగు ఆకారం చేసి ఆరబెడతారు. తేనెమైనంలో గుగ్గిలం కలిపి మెత్తబరిచి, దారాల్లా సాగదీసి, ఆ మట్టి మీద వరసగా చుడతారు. కళ్లు, గొలుసులు, అంబారీ అన్నీ ఆ మైనందే. దాని మీద మళ్లీ మెత్తటి మట్టి పూత, ఆపైన గట్టి మట్టి పూత. కొలిమిలో పెడితే మైనం కరిగిపోయి ఆ సందు ఖాళీ అవుతుంది. అందులోకి కరిగిన ఇత్తడి దిగుతుంది. చల్లారాక మట్టి పగలగొట్టాలి. మూస పగిలిపోయింది కనక అచ్చం అలాంటి ఏనుగు ఇంకోటి ఉండదు. నా ఏనుగుకి ఎడమ చెవి కొంచెం మందం. పోత పోసినప్పుడు అక్కడ ఇత్తడి ఎక్కువ దిగింది కాబోలు. మొహెంజొదారోలో దొరికిన, పదిన్నర సెంటీమీటర్ల నాట్యగత్తె బొమ్మనూ ఈ మైనం పోత పద్ధతిలోనే చేశారు. కోరాపుట్, రాయగడ, పక్కనే ఉన్న బస్తర్, అటు ఆదిలాబాద్ అడవుల వరకూ ఇదే విద్య. ఆదిలాబాద్ డోక్రాకి 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

ఈ ఏనుగుకి సుంకాల పుస్తకం ఏం పేరు పెడుతుంది? సంతలో మనం బొమ్మే అంటాం. పుస్తకం ఒప్పుకోదు. అది ఆడుకోడానికి చేసింది కాదు, బల్ల మీద పెట్టుకోడానికి చేసింది. కాబట్టి 8306: మామూలు లోహాలతో చేసిన ప్రతిమలు, అలంకార వస్తువులు. ఆ శీర్షికలో గంటలు, ఫొటో ఫ్రేములు కూడా ఉంటాయి. అదే చెక్క ప్రతిమైతే 4420, మట్టి కాల్చి చేసిందైతే 6913, ప్లాస్టిక్‌దైతే 3926. కొలువులో పేర్చి, పిల్లల్ని ముట్టుకోవద్దనే మన బొమ్మలన్నీ ఈ వరసలోకే వస్తాయి. ఆటవస్తువుగా రూపుదిద్దుకుంటేనే 9503. ఇంట్లో మీ చంటిది ఆ ఇత్తడి ఏనుగుకి తాడు కట్టి గది అంతా ఈడ్చుకు తిరిగినా సరే, దాని అంకె మారదు. ఎవరు ఎలా వాడుతున్నారన్నది కాదు, ఏ పనికోసం అలా తయారైందన్నదే లెక్క.

కళాఖండం అనిపించుకోవచ్చుగా అంటారా? ఆ అధ్యాయం 97. శిల్పి స్వయంగా మలిచిన మూల శిల్పాలు 9703. నూరేళ్లు దాటిన పాత వస్తువులు 9706. కానీ ఆ గడప దాటడం అంత తేలిక కాదు. 1926లో బ్రాంకూజీ అనే శిల్పి చేసిన "అంతరిక్షంలో పక్షి" న్యూయార్క్ రేవులో దిగింది. నునుపు తేలిన పొడవాటి కంచు, రెక్కలు లేవు, ముక్కు లేదు. ఇది శిల్పం కాదు, వంటింటి సామాను, ఆస్పత్రి సామాను వరసలోకి వచ్చే లోహపు వస్తువు అని కస్టమ్స్ వాళ్లు 40 శాతం సుంకం వేశారు. కోర్టులో సాక్షుల్ని ఇది పక్షిలా ఉందా అని అడిగారు. 1928 నవంబరులో జడ్జీలు ఇది కళే అని ఒప్పుకున్నాకే సుంకం పోయింది. మన ఢోక్రా పిట్టలు చూసినప్పుడల్లా నాకు ఆ కంచు పక్షి గుర్తొస్తుంది. ఆ పక్షి పక్కన నిలబడి మాట్లాడేందుకు పేరున్న శిల్పులు వచ్చారు. మా నియమగిరి కొండల చుట్టుపక్కల కొలిమి ముందు కూర్చున్నవాడి పిట్టకు అలాంటి సాక్షి ఎవరూ లేరు.

*

అక్షరాలతో పదాలు కూర్చే స్క్రాబుల్ పజిలా, ఆటా? ఈ ప్రశ్న మన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కస్టమ్స్ లాగే అప్పటి ఎక్సైజ్ పట్టికలోనూ పజిల్‌కి 9503, ఆటలకి 9504 ఉండేవి. పజిల్‌కి ముందే కుదిరిన ఒక పరిష్కారం ఉంటుంది, స్క్రాబుల్‌లో ఆడేవాళ్ల నేర్పును బట్టి ఫలితం మారుతుంది. కాబట్టి అది ఆటేనని 2009లో తేల్చారు.

కొబ్బరినూనె సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. చిన్న సీసాలో అమ్మే స్వచ్ఛమైన కొబ్బరినూనె వంటదా, తలదా అన్న గొడవ ఏళ్ల తరబడి నడిచి 2024 డిసెంబరులో ముగిసింది. తలనూనె అని ప్రత్యేకంగా ముద్ర వేసి అమ్మితే తప్ప అది తినే నూనే అని సుప్రీంకోర్టు చెప్పింది. మన అమ్మమ్మలు ఒకే సీసా రెండింటికీ వాడేవాళ్లు. పన్ను పట్టికకి అలాంటి వెసులుబాటు లేదు.

*

అమెరికా నుంచి బావగారు సూట్‌కేసులో తెచ్చిన బొమ్మ అసలు బొమ్మే కాదని తెలుసా? మన పట్టికలో 98వ అధ్యాయం ఒకటుంది. ప్రయాణికుడి సామానులో వచ్చిన సుంకం పడే వస్తువేదైనా 9803. సొంత వాడకానికి పోస్టులోనో, విమానంలోనో తెప్పించుకుంటే 9804. కంటైనర్లో వస్తే 9503. ఒకే బార్బీకి, వచ్చిన దారిని బట్టి మూడు అంకెలు.

*

ఇప్పుడు డబ్బు సంగతి. మన దేశంలో ఆటబొమ్మల మీద దిగుమతి సుంకం 20 శాతం ఉండేది. 2020 బడ్జెట్‌లో ఒక్కసారిగా 60 శాతం చేశారు. 2023లో 70. మూడు రెట్లకు పైగా పెరిగిందన్నమాట. దీంతోపాటు ప్రతి సరుకునూ పరీక్షించాలన్న నిబంధన 2019 డిసెంబరులో వచ్చింది. ప్రభుత్వ లెక్కల ప్రకారం 9503 కింద దిగుమతులు 2018-19లో 30.4 కోట్ల డాలర్లు, 2021-22కల్లా 3.6 కోట్ల డాలర్లు.

సుంకం 70కి చేరాక అంకె విలువ ఇంకా పెరిగింది. అదే ప్లాస్టిక్ వీరుణ్ణి 9503 కింద రాస్తే ఒక ధర, అలంకార వస్తువని 3926 కింద రాస్తే అంతకంటే చాలా తక్కువ. అందుకే రేవులో పెట్టె విప్పి చూస్తారు. చేతులు, కాళ్లు కీళ్ల దగ్గర తిరుగుతున్నాయా, తుపాకీ చేతిలోంచి ఊడి వస్తుందా, పెట్టె మీద వయసు రాసి ఉందా? కదిలే కీలు ఒక్కటి చాలు, అది షోకేసులో నిలబెట్టడానికి కాదు, ఆడుకోడానికి చేసిందని అనుమానం రావడానికి.

*

చివరగా, పిల్లలున్న ఇంటివాళ్లకి నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటుంది.

2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే ఆటబొమ్మలన్నిటికీ ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. ఇక్కడ తయారైనా, బయటి నుంచి వచ్చినా ఒకటే. పద్నాలుగేళ్ల లోపు పిల్లల ఆటకోసం చేసింది ఏదైనా దీని కిందికి వస్తుంది. సంతలో ప్లాస్టిక్ సైనికుల ప్యాకెట్ తీసుకుంటే వెనక్కి తిప్పి చూడండి. గుర్తు పైన ఐఎస్ 9873 అని, కరెంటుతోనో బ్యాటరీతోనో నడిచేదైతే ఐఎస్ 15644 అని ఉండాలి. కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. ఉత్త గుర్తు ఉండి నంబరు లేకపోతే కొనొద్దు. ఊడిపోయే చిన్న ముక్కలు, రంగులో సీసం ఏ పిల్లకైనా ప్రమాదమే. చాటికోన బుధవారం సంతలో గోనెపట్టా మీద పరిచి అమ్మినా, పట్నంలో ఏసీ షాపులో అమ్మినా ఈ నిబంధన ఒకటే.

ఇందులో రెండు మినహాయింపులున్నాయి, 2020 డిసెంబరులో చేర్చారు. కేంద్ర హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన కళాకారుడు సొంతంగా చేసి అమ్మే బొమ్మలకి ఐఎస్‌ఐ అక్కర్లేదు. భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మల్ని ఆ గుర్తింపు వాడుకునే హక్కున్నవాళ్లు అమ్మినా అక్కర్లేదు. కొండపల్లి, నిర్మల్, ఏటికొప్పాక ఇలా గట్టెక్కాయి. ఏటికొప్పాకకి 2017లో ఆ గుర్తింపు వచ్చింది. అంకుడు కర్ర మీద లక్క ఎక్కించే ఆ లక్కపిడతల రంగుల్ని మళ్లీ చెట్లు, గింజలు, బెరళ్ల దగ్గరికి తీసుకెళ్లిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకి ఆ రంగే రక్ష.

మా జిల్లాల్లో కోట్‌పాడ్ చేనేతకి 2005లోనే భౌగోళిక గుర్తింపు ఉంది. ఒడిశాలో అదే మొదటిది. డోంగ్రియా కొంధుల కుట్టుపని శాలువాకి, కోరాపుట్ కాలాజీరా బియ్యానికి 2024లో వచ్చింది. కానీ అవేవీ బొమ్మలు కావు. ఢోక్రా పనివాళ్లలో ఎవరైనా గిలక్కాయో, చక్రాల గుర్రమో చేసి పిల్లల కోసమని అమ్మాలనుకుంటే వాళ్లకి దగ్గరి దారి పెహచాన్ కార్డే. హస్తకళల కమిషనర్ ఇచ్చే గుర్తింపు కార్డు అది. ఆ కార్డు లేకపోతే కార్ఖానాలో అచ్చు గుద్దిన ప్లాస్టిక్ బొమ్మకి అడిగిన కాగితాలే, మూస పగలగొట్టి ఒక్కొక్కటీ చేసే మనిషినీ అడుగుతారు. అంత ఖర్చు అతను పెట్టుకోలేడు.

ఈ చలికాలం పరబ్‌కో, రాయగడ చైతి ఉత్సవానికో వెళ్లినప్పుడు ఢోక్రా కొట్టు ముందు ఆగితే ధరతోపాటు ఇంకో మాట కూడా అడగండి: "కార్డు తీసుకున్నావా, అన్నా?" లేదంటే, దరఖాస్తు రాయడానికి ఒక పావుగంట అతని పక్కన కూర్చోండి.